ఆవకాయ, పెరుగు, అత్తయ్యగారి పాదాలు

మా ఇంట్లో ఆవకాయ, పెరుగు రెండూ నాలుగు కాళ్ళ మీద నడుస్తాయండీ. ఆవకాయ మగపిల్లి, ఒంటి నిండా ఎర్రటి చారలు. పెరుగు ఆడది, తెల్లగా ఉంటుంది, తోక చివర ఒక్కటే నల్లమచ్చ. రెండూ ఒకే ఈత పిల్లలు. రెండేళ్ళ కిందట వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనక దొరికాయి. పేర్లు మా అమ్మాయి పెట్టింది. పేర్లు పెట్టి, గారాబం నేర్పి, ఇంజనీరింగ్ సీటు రాగానే విజయవాడ హాస్టల్‌కి చక్కా పోయింది. పిల్లులు నాకు మిగిలాయి. చుట్టాలు భోంచేస్తుండగా మావారు "పెరుగు మంచం కింద ఉందేమో చూడు" అంటే వాళ్ళ ముఖాలు చూసి తీరాలి.

మాది నందిగామ. మూడో అంతస్తు, రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, చిన్న బాల్కనీ. మొత్తం ఎనిమిది వందల యాభై అడుగులు. వంటింటి గుమ్మం నుంచి హాలు చివరి దాకా నా అడుగులతో పద్దెనిమిది. ఈ పద్దెనిమిది అడుగుల్లోనే నేను, మావారు, అత్తయ్యగారు, రెండు పిల్లులు తిరుగుతాం. పిల్లుల్ని బయటికి వదలం. హైదరాబాదు, విజయవాడ రోడ్డు మీది ఊరు మాది. పత్తి లారీలు, మిర్చి లోడ్లు, బస్సులు, వాటికి తోడు వీధి కుక్కలు. సెల్లార్‌లో వీటి తల్లి ఏమైందో మాకు తెలుసు కాబట్టి ఆ విషయంలో ఇంట్లో ఎవరికీ రెండో మాట లేదు.

గొడవ అక్కడ కాదు. అత్తయ్యగారి పాదాల దగ్గర.

అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా షుగర్. మామయ్యగారు పోయాక, చందర్లపాడు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. లైటు వెయ్యరు, కరెంటు దండగని. ఇంట్లో కూడా ఆ మెత్తటి షుగర్ చెప్పులే వేసుకుని, చీర కుచ్చిళ్ళు నేలకి రాసుకుంటూ, టప్ టప్‌మని వంటింటి వైపు నడుస్తారు. సరిగ్గా ఆ వేళకి మా ఆవకాయ సోఫా కింద నక్కి ఉంటాడు. కుచ్చిళ్ళు కదలడం, వాడు దూకడం, చీలమండ పట్టుకుని వెనక కాళ్ళతో తన్నడం, పారిపోవడం. మొదట్లో గీత మాత్రమే పడేది. కార్తీకమాసంలో ఒకరోజు గోరు లోతుగా దిగింది.

షుగర్ ఉన్నవాళ్ళున్న ఇళ్ళలో చదువుతున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాలికి పుండంటే మనకి కాళ్ళూ చేతులూ ఆడవు. రక్తం సరిగా అందదు, స్పర్శ తక్కువ, పుండు ముదిరినా నొప్పి తెలియదు. పిల్లులకి టీకాలు వేయించి ఉన్నా డాక్టరుగారు రేబిస్ సూదులు తప్పనిసరన్నారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, మళ్ళీ ఇరవై ఎనిమిదో రోజు. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

"సంక్రాంతికి ఊరెళ్తాంగా. అప్పుడు వీటిని మన పాకలో వదిలేద్దాం. పాలూ అన్నం పక్కింటివాళ్ళని పెట్టమందాం" అన్నారు మావారు. ఆయన కఠినుడేమీ కాదు. తల్లి కాలు చూసి భయపడ్డ కొడుకు. ఆయన తప్పని నేనననూ లేను. కానీ పుట్టి బుద్ధెరిగాక ఎలుకని చూడని పిల్లులు, కుక్కని చూస్తే ఎటు పరిగెత్తాలో తెలియని పిల్లులు పాకలో ఎన్ని రోజులుంటాయి? అత్తయ్యగారు మాత్రం అవుననలేదు, కాదనలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయారు.

లెక్క వేసుకుంటే సంక్రాంతికి ఏడు వారాలుంది.

టీకాల పుస్తకం పట్టుకుని పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతికి అప్పుడే ఎవరిదో గేదెకి సూదేసిన తడి ఇంకా ఆరలేదు. నా మాటంతా విని నవ్వారు. "వాణ్ణి రౌడీ అనకండమ్మా, నిరుద్యోగి అనండి. వాడికి పని లేదు. మీ అత్తగారి పాదాలే వాడికి ఉద్యోగం" అన్నారు. పని అంటే వేట. ఆ వేట కాస్తా వేరే వస్తువు మీదికి మళ్ళిస్తే పాదాల మీద మోజు పోతుందన్నారు. అదీగాక పిల్లి ఎక్కువగా చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. ఎలుకలు బయటికొచ్చే వేళలు కూడా అవే. అత్తయ్యగారు లేచే నాలుగున్నర వాడి ఆఫీసు టైమన్నమాట.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెబితే ఆవిడ మొదటి మాట, "పిల్లికి ఆటవస్తువులేంటమ్మాయ్, చోద్యం కాకపోతే. గాదె కింద ఎలుకలుంటే అవే ఆడుకుంటాయి." విసురుగానే అన్నారు గానీ అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. మనిషికీ పిల్లికీ స్నేహం కలిసిందే గాదె దగ్గర. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక మనిషి సమాధి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టిన గుర్తులు దొరికాయని 2004లో పేపర్లలో వచ్చింది. మనిషి ధాన్యం దాచుకున్నాడు, ధాన్యానికి ఎలుక వచ్చింది, ఎలుకకి పిల్లి వచ్చింది. మూడో అంతస్తులో బియ్యం డబ్బాలో ఉంటాయి, పప్పులు ఫ్రిజ్‌లో ఉంటాయి. పిల్లి మాత్రం ఆ పాత పిల్లే.

మన సాహిత్యానికి పిల్లి మీద మొదట్నుంచీ చిన్నచూపేనండీ. చిన్నయసూరి నీతిచంద్రికలో ముసలి గద్దని మాటలతో పడేసిన దీర్ఘకర్ణాన్ని డిగ్రీలో చదువుకున్నాం కదా. సామెతల్లోనూ అంతే, కాలుగాలిన పిల్లి, గోడమీద పిల్లి, పాలు తాగే దొంగపిల్లి. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అన్నదొక్కటే వాటిలో శాస్త్రానికి దగ్గరగా ఉన్నది. చెలగడమంటే ఉత్సాహంతో విజృంభించడం. అదే ఆట, అదే వేట. పిల్లికి ఈ రెంటికీ మధ్య గోడ లేదు. ఎలుకని పట్టి వదలడం, మళ్ళీ పట్టడం మన కంటికి క్రూరంగా కనిపిస్తుంది గానీ, ఎలుకకీ పళ్ళున్నాయి. ముఖం మీద కరవకుండా దాన్ని అలిసిపోయేలా చెయ్యడం కూడా పిల్లికి అవసరమే.

ఇంకో లెక్క కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. ఒక చిన్న ఎలుకలో ఉండేది ముప్ఫై కేలరీల పైచిలుకు. పిల్లికి రోజుకి రెండు వందలకి పైగా కావాలి. అంటే బయట బతికే పిల్లి రోజుకి ఏడెనిమిది ఎలుకలైనా పట్టాలి. వేసిన ప్రతి ఎత్తూ పారదు కాబట్టి దానికి రెండు మూడింతలు ప్రయత్నాలు చెయ్యాలి. ఒక్కోటీ రెండు మూడు నిమిషాల పని. మా ఆవకాయకి గిన్నెలో రెండు పూటలా తిండి పడుతోంది. మిగతా ఆ ఇరవై వేటలూ ఎటు పోవాలి మరి?

ఇక వస్తువుల సంగతికొస్తాను.

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో బ్యాటరీ ఎలుక ఒకటి ఆర్డరు పెట్టింది, మూడు వందల నలభై తొమ్మిది రూపాయలు. నేల మీద గిరగిరా తిరుగుతుంది. పెరుగు దాన్ని చూసి అలమర ఎక్కింది. ఆవకాయ ఒకటిన్నర రోజులు ఆడాడు, తర్వాత దాని మీద కూర్చుని నిద్రపోయాడు. అది పిల్లి మీదికే వస్తోంది, అదే దాని తప్పు. ప్రాణమున్న ఏ ఎలుకైనా పిల్లికి ఎదురొస్తుందా? పారిపోవాలి, ఆగాలి, మూల తిరిగి కనిపించకుండా పోవాలి. పైగా దాంట్లో బొత్తాం బ్యాటరీ. అది పిల్లి మింగినా, పసిబిడ్డ మింగినా ప్రాణానికే ముప్పు. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

మావారు ఎర్రచుక్క పడే లేజర్ తెచ్చారు. దాంతో ఆవకాయ పరిగెత్తిన పరుగు చూసి మావారికీ ముచ్చటేసింది. కానీ ఆట ఆపాక వాడు ఆ గోడ దగ్గరే అరగంట కూర్చుని వెతికాడు. పంజాకి చిక్కనిది, పంటికి తగలనిది ఏం వేట? నాకది ఆకలితో ఉన్నవాడికి టీవీలో వంటలు చూపించినట్టు అనిపించింది. వాడేవాళ్ళు చివర చుక్కని ఒక ముద్ద మీద గానీ బొమ్మ మీద గానీ ఆపాలట, కళ్ళలో పడకుండా చూడాలట. మా ఇంట్లో అది ఇప్పుడు మంచం కింద చెప్పు వెతకడానికి పనికొస్తోంది.

గంట ఉన్న ప్లాస్టిక్ బంతి పగలు బాగుంటుంది. రాత్రి పదకొండుకి టైల్స్ మీద అది దొర్లితే కింద ఇంటివాళ్ళకి ఏం వినిపిస్తుందో ఊహించుకోండి. ఆవిడ మంచిది కాబట్టి మర్నాడు కరివేపాకు అడిగే నెపంతో పైకొచ్చి మెల్లిగా చెప్పింది. అపార్ట్‌మెంట్‌లో పిల్లికి ఏ బొమ్మ కొన్నా ముందు నేల మీద ఒకసారి జారవిడిచి చప్పుడు వినండి. రంగు చూడక్కర్లేదు. మనకి మెరిసే ఎరుపు పిల్లికంటికి మసకే, నీలం, పసుపుపచ్చ కాస్త మేలు. చెవులు మాత్రం మనకన్నా మూడింతలు పైస్థాయి చప్పుళ్ళు పట్టుకుంటాయి. గరగర, చిటపట, ఆకుల గలగల వాటికి ప్రాణం.

కొండపల్లి బొమ్మల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా చుట్టాలావిడ ఒకరు "మన పక్కనే కొండపల్లి పెట్టుకుని ప్లాస్టిక్‌వి కొంటావేం" అని దెబ్బలాడింది. కొండపల్లి బొమ్మంటే నాకు మహా ఇష్టం. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో, చేత్తో పట్టుకుంటే బొమ్మ ఉందా లేదా అన్నట్టుంటుంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మా షోకేసులో తాడిచెట్టెక్కే గీతకార్మికుడు పదేళ్ళుగా ఎక్కుతూనే ఉన్నాడు. కానీ అవి చూసుకునే బొమ్మలు. పిల్లి కొరికితే పైరంగు పెచ్చులూడుతుంది, అతికిన చెయ్యో కాలో ఊడి గొంతులోకి పోతుంది. మన కళ మన అద్దాల్లోనే ఉండనిద్దాం.

చివరికి పనిచేసింది కొబ్బరీనె, గుడ్డముక్క. నవ్వకండి. చీపురులోంచి లావుపాటి ఈనెలు నాలుగు తీసి కట్టగా కట్టి, చివర పాత నూలుచీర పీలిక ఒకటి, దానికి బొటనవేలంత గుడ్డ ఎలుక. ఎలుకలోపల మన ప్రాంతపు పత్తే కూరాను. ఊళ్ళో ఇంట్లో గింజతో ఉన్న పత్తి ఓ గుప్పెడు మిగిలింది, అది కుక్కితే గింజలు సన్నగా గరగరమంటాయి. కుట్టు మాత్రం దగ్గర దగ్గరగా రెండు వరసలు వెయ్యాలి. కళ్ళకి పూసలు, మీసాలకి దారాలు వద్దే వద్దు. పిల్లికి అందం అక్కర్లేదు.

ఆడించడంలోనే ఉందండీ అంతా. మొహం ముందు ఊపితే పిల్లికి విసుగు. అంత దగ్గర వస్తువు దాని కంటికి సరిగా ఆనదు కూడా. దూరంగా, గోడ వారగా, సోఫా కాలు చాటునుంచి మెల్లిగా లాగాలి. ఆపాలి. తోక మాత్రం కాస్త కదపాలి. పిల్లి పిర్రలు ఊపుతుంది చూడండి, అప్పుడు ఒక్కసారి పారిపోనివ్వాలి. మూడుసార్లు తప్పించి నాలుగోసారి చిక్కనివ్వాలి. కసి తీరా కొరకనివ్వాలి. అయిపోగానే గిన్నెలో తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర, ఇదీ వాటి క్రమం. రాత్రి పదింటికి ఒక పావుగంట, తెల్లవారుజామున నాలుగుంపావుకి ఒక పావుగంట అని పెట్టుకున్నాను. నాలుగుంపావు! పెళ్ళై వచ్చిన కొత్తలో కూడా అంత పొద్దున్నే లేవలేదు నేను. లేచి, హాల్లో లైటేసి, కళ్ళు మూసుకుపోతుంటే ఈనె ఊపుకుంటూ కూర్చునేదాన్ని. మావారొకసారి మంచినీళ్ళకి లేచొచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు.

టైల్స్ మీద జారి గోడకి గుద్దుకుంటున్నాయని పాత బొంత ఒకటి పరిచాను. కింద ఇంటికి దబదబలు కూడా తగ్గాయి. చిన్న ఇంట్లో నేల లేకపోతే గోడ ఉందిగా అని అలమర పక్కన మెట్లుమెట్లుగా మూడు చెక్కలు కొట్టించాను, పైన అటక దాకా. పెరుగుకి ఆట కన్నా అదే ఇష్టం. పైనుంచి మమ్మల్నందర్నీ జమీందారిణిలా చూస్తుంది. కొబ్బరితాడు చుట్టిన దుంగ ఒకటి తలుపు పక్కన నిలబెట్టాక సోఫా బతికింది. ఇవన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. ఆన్‌లైన్‌లో పిల్లిచెట్టని ఒకటి చూశాను, ధర చూసి ఫోను పక్కన పెట్టేశాను.

రెండు పిల్లులున్నప్పుడు ఇంకో చిక్కుంది. ఒక్క బొమ్మతో ఆడిస్తే ఆవకాయ దూకుతాడు, పెరుగు కూర్చుంటుంది. దానికి ఇష్టం లేదని మనం అనుకుంటాం. తలుపు వేసి విడిగా ఆడిస్తే తెలిసింది, అది నేల మీది ఎలుకకి లేవదు, గాల్లో ఎగిరే పిట్టకి లేస్తుంది. దానికి ఈనె చివర కోడి ఈక కట్టాను. ఒక్కో పిల్లికి ఒక్కో వేట.

వారం తిరిగేసరికి ఆవకాయకి గుడ్డ ఎలుక పాతబడింది. మళ్ళీ సోఫా కింద కాపు. నాకు గుండె ఝల్లుమంది. అప్పుడే మా అమ్మాయి జాన్ బ్రాడ్‌షా అనే ఆయన చేసిన పని గురించి చదివి ఫోన్లో చెప్పింది. ఇంగ్లండులో ఆయన, ఆయన తోటివాళ్ళు పిల్లులకి ఒకే బొమ్మని మళ్ళీ మళ్ళీ ఇచ్చి చూశారట. మూడోసారికే వాటికి మోజు పోయిందట. అదే కాస్త మార్చిన బొమ్మ ఇవ్వగానే మొదటికన్నా ఎక్కువ ఆడాయట. 2002లో అచ్చయిన పరిశోధన. ఎలుక చావకపోతే, దాని రూపం మారకపోతే, అది తిండి కాదని పిల్లి తేల్చేసుకుంటుంది కాబోలు. అప్పట్నుంచీ బొమ్మలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, రోజుకి రెండే బయటికి తీస్తాను. మూడో రోజు అవి లోపలికి, వేరేవి బయటికి. బొమ్మల కొలువులో కూడా ఏటా అవే బొమ్మలు కదా, అయినా డబ్బాలోంచి తీసినప్పుడు మనకి కొత్తగా ఉండవూ?

అత్తయ్యగారు ఇదంతా కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. ఒక సాయంత్రం, నేనేదో గొణుక్కుంటుంటే, "కుప్పింట చెట్టు వేరు తేరాదూ" అన్నారు. నాకు అర్థం కాలేదు. "మన దొడ్లో నేను పీకిపారేసిన కుప్పింట మొక్కల మీద పిల్లులు పడి పొర్లేవి. కల్లు తాగినట్టు. ఎలుకలు కూడా అక్కర్లేదు వాటికి."

కుప్పింటాకు మీరంతా చూసే ఉంటారు. మన ఖాళీ స్థలాల్లో, మురిక్కాలవల పక్కన వానలకి తెగ మొలుస్తుంది. మోకాలెత్తు కూడా ఉండదు, ఆకుపచ్చటి చిన్న దొప్పల్లాంటివి కంకికి అంటుకుని ఉంటాయి. గజ్జికి ఆకు నూరి రాసేవారు పాతకాలంలో. మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలోంచి ఒక మొక్క వేళ్ళతో సహా పీకి, కడిగి, వేరు ముక్క తెచ్చి హాల్లో పెట్టాను. ఆవకాయ వచ్చాడు, వాసన చూశాడు, నాకాడు, చెంపలు రుద్దాడు, వెల్లకిలా పడి బొంత మీద దొర్లాడు. అత్తయ్యగారు నవ్వారు. నేలకి చూపు దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. మామయ్యగారు పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

తర్వాత వెతికితే సంగతి నిజమే. విదేశాల్లో పిల్లులకిచ్చే క్యాట్‌నిప్ లాగే మన కుప్పింట వేరు కూడా వాటిని మత్తెక్కిస్తుందట. మారిషస్, రీయూనియన్ దీవుల్లో ఈ మొక్కని పిల్లిగడ్డి అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారట. క్యాట్‌నిప్ కూడా అన్ని పిల్లుల మీదా పనిచెయ్యదు, మూడింట ఒక వంతు వాటికి ఏమీ అనిపించదు. అది పుట్టుకతో వచ్చే గుణం. మా పెరుగు కుప్పింట వేరుని ఒకసారి చూసి తల తిప్పుకుంది, ఒకే ఈత పిల్లే అయినా. ఆ మత్తు పదినిమిషాలే. అయ్యాక వేరు తీసి పారేస్తాను. వారానికి ఒకసారి చాలు. మొక్క మందు మొక్క కాబట్టి తినేదాకా వదిలెయ్యకూడదు.

ఆ రోజు నుంచి ఈనె అత్తయ్యగారి చేతికి వెళ్ళింది. కుర్చీ కదలక్కర్లేదు, వంగక్కర్లేదు. కాళ్ళు స్టూలు మీద ఎత్తి పెట్టుకుని, ఈనె చివర ఎలుకని అంత దూరంలో ఆడిస్తారు. నాకన్నా ఆవిడే బాగా ఆడిస్తారు, ఒప్పుకుని తీరాలి. ఎలుక ఎలా నడుస్తుందో నేను బొమ్మల్లో చూశాను, ఆవిడ గాదె కింద చూశారు. "ఎలుక తిన్నగా పోదమ్మాయ్, గోడ పట్టుకుని పోతుంది. పోయి పోయి ఆగి మీసాలాడిస్తుంది" అని నాకే పాఠం చెప్పారు. పొద్దున్న నా నాలుగుంపావు డ్యూటీ కూడా ఆవిడే తీసుకున్నారు. మంచం మీద కూర్చునే ముందొక ఆట ఆడించి, ఆ తర్వాతే కాలు కింద పెడతారు. లైటు కూడా వేస్తున్నారు.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ కాస్త వాదన అయింది. ఆవిడ మల్లెపూలు కట్టి మిగిలిన దారం పెరుగు ముందు ఆడించబోయారు. దారమంటే పిల్లులకి పిచ్చి, అదే ప్రమాదం. పిల్లి నాలుక మీద లోపలికి తిరిగిన ముళ్ళుంటాయి, నోట్లోకి వెళ్ళిన దారం బయటికి రాదు, మింగాల్సిందే. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి పోతే, పేగు కుచ్చిళ్ళు పోసినట్టు ముడుచుకుపోయి తెగుతుంది. డాక్టరుగారు ఈ మాట రెండుసార్లు చెప్పారు. పూలదారం, మిషను దారం సూదితో సహా, జడ రబ్బర్లు, రాఖీ, గిఫ్టు రిబ్బన్లు, సంక్రాంతి గాలిపటాల మాంజా, అన్నీ డబ్బాలోకి పోవాలి. ఎప్పుడైనా పిల్లి నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి. లోపల పేగు కోసుకుపోతుంది. అలాగే పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మా ఈనె పుల్ల కూడా ఆట అవగానే అలమరలోకే. "ఇంత భయపడితే ఎట్లా" అన్నారు గానీ, ఇప్పుడు కట్టిన పూలదారం కత్తిరించిన ముక్కలు ఆవిడే ఏరి ముడి వేసి చెత్తలో వేస్తున్నారు.

తిండి విషయంలో చిన్న ఉపాయం, ఖర్చు లేనిది. గుడ్లు వచ్చే అట్టట్రే ఉంటుందిగా, దాని గుంటల్లో ఎండుతిండి గింజలు తలా రెండు వేసి పైన కాగితం ఉండలు పెడతాను. పంజాతో తీసుకుని తినాలి. రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యే గిన్నె ఇరవై నిమిషాల పని అయింది. అట్టపెట్టె సంగతి చెప్పక్కర్లేదు, మీరు ఏ ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా పిల్లికి పెట్టే కావాలి. దాక్కునే చోటుంటే వాటికి బెదురు తగ్గుతుంది. నెలకొక పెట్టె చింపేసినా కిరాణా కొట్టులో అడిగితే ఇస్తారు.

మార్గశిరం మొదటివారంలో ఆఖరిసారి ఆవకాయ కుచ్చిళ్ళ మీదికి దూకాడు, అదీ సగంలో ఆగాడు. ఆ తర్వాత లేదు. నేను కేలెండరులో రోజుకొక చుక్క పెట్టాను. భోగినాటికి ముప్ఫై మూడు చుక్కలయ్యాయి. మావారు ఆ కేలెండరు చూస్తారని నాకు తెలుసు, పాలవాడి లెక్క కూడా దాని మీదే ఉంటుంది.

సంక్రాంతికి ఊరెళ్ళాం. పిల్లుల బుట్ట నేను సర్దలేదు, ఆయన అడగలేదు. తాళంచెవి కింద ఇంటావిడకి ఇచ్చి, గుడ్ల ట్రే ఎలా పెట్టాలో చూపించి వెళ్ళాను. ఊళ్ళో అత్తయ్యగారు తన ఇంటి అరుగు మీద కూర్చుని, కొబ్బరాకు చీల్చి బంతి అల్లారు. చిన్నప్పుడు పిల్లలందరం అల్లేవాళ్ళమే, ఆవిడ వేళ్ళకి ఇంకా గుర్తుంది. ఒకటి కాదు, నాలుగు. "ఎండితే గలగలమంటది, వాడికిష్టం" అన్నారు. కారులో ఆ బంతులు మావారి ఒళ్ళో ప్రయాణం చేశాయి.

మొన్న సోమవారం అత్తయ్యగారికి ఒళ్ళు వెచ్చబడి సాయంత్రం లేవలేదు. ఆరింటికి నేను వంటింట్లో ఉన్నాను. పెరుగు, అస్సలు నేల ఆట ఆడని పెరుగు, డబ్బా మూత సరిగా పెట్టలేదేమో, గుడ్డ ఎలుకని నోట కరుచుకుని ఆవిడ మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. పరుపు మీద పడేసి కూర్చుంది. ఆవకాయ గుమ్మంలో.

"దీనికి టైము తెలుస్తుందే అమ్మాయ్" అన్నారు లోపల్నుంచి. "ఆ పుల్ల ఇటియ్యి."